ఆ ఒక్క పెట్టె చాలు, సిగ్గుపడకండి



ఈ వారం మేము రాసేది కొందరు పెద్దలకు చిన్న సంగతిలా కనబడుతుంది. గిటారుకు మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ కొనాలా, విడివిడిగా పెడల్స్ కొనాలా అన్నది ప్రశ్న. "వాక్యం రాయక ఇదేం గోల అయ్యగారూ" అని మీరు అడగవచ్చు. అయితే ఈ గోలలో కానుకల డబ్బు ఉంది. వాయిదాల అప్పు ఉంది. ఆదివారం మనమంతా కలిసి పాడే పాట ఉంది. అన్నిటికంటే మించి, ఇప్పుడిప్పుడే తీగ మీద వేళ్లు కుదురుకుంటున్న పిల్లల మనసు ఉంది. అందుకే రాస్తున్నాము.

తిప్పి తిప్పి చెప్పకుండా మా మాట ముందే పెడతాము. గుమ్మఘట్ట లాంటి మండలంలో, రేకుల కప్పు కింద, ఒక మిక్సరు, రెండు బాక్సులు ఉన్న సంఘానికి చిన్న మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ ఒక్కటి చాలు. అది పేదవాడి సర్దుబాటు కాదు, మన చోటికి అదే సరైన పనిముట్టు. పెడల్స్ వరస పెట్టుకున్నవాడే నిజమైన వాయిద్యకారుడు, పెట్టె పెట్టుకున్నవాడు ఆటబొమ్మతో ఆడుకునేవాడు అని మన పిల్లలకు నూరిపోస్తున్న బోధ అబద్ధం. ఆ అబద్ధం మీదనే మా కోపం.

గిటారు వాయించనివారి కోసం రెండు మాటలు. ఎలక్ట్రిక్ గిటారు తీగ నుంచి వచ్చే శబ్దం పలచగా, బోడిగా ఉంటుంది. దాన్ని కొంచెం బొంగురు చేసి బలమిచ్చేది ఓవర్‌డ్రైవ్. ఇంకా గరుకు చేసేది డిస్టార్షన్. కొండకు తగిలి తిరిగివచ్చే కేకలా ప్రతిధ్వని ఇచ్చేది డిలే. పెద్ద రాతి గుడిలో వాయించినట్టు గుమ్మరించేది రివర్బ్. ఒక్క గొంతును నాలుగు గొంతులుగా అలలాడించేది కోరస్. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఇనుప డబ్బా, కాలితో నొక్కేది, ఉంటే వాటిని పెడల్స్ అంటారు. ఈ పనులన్నీ ఒకే పెట్టెలో పెట్టి, లోపల చిన్న కంప్యూటరు చేత లెక్క కట్టించి చేయించేది మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్.

ఇక ఆ బోధ సంగతి. మన పిల్లలు ఫోనులో చూసేది ఏమిటో మాకు తెలుసు. పట్టణంలోని పెద్ద సంఘం, నల్ల పరదా, నీలి లైట్లు, గిటారు వాయించే తమ్ముడి కాళ్ల దగ్గర వరసగా పది రంగుల డబ్బాలు. కింద ఎవరో రాస్తారు, "అసలైన టోన్ అంటే ఇదీ" అని. ఇంకొకరు రాస్తారు, "మల్టీ యూనిట్ ప్లాస్టిక్ శబ్దం" అని. అది చదివిన మన పిల్లవాడు ఆదివారం తన పెట్టెను సంచిలోంచి తీయడానికి సిగ్గుపడతాడు. ఇంట్లో శెనక్కాయల డబ్బు రాగానే నాన్నను పీడిస్తాడు. లేదా నెల వాయిదాల మీద ఒక డబ్బా, ఆ వాయిదా తీరకముందే ఇంకొకటి తెప్పిస్తాడు. రెండూ కుదరకపోతే, "మన దగ్గర సరైన సామాను లేదు" అని వాయించడమే మానేస్తాడు. చివరిది మాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

మన పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ వీడియోలోని గిటారు శబ్దం పెడల్స్‌తో ఆగలేదు. పెడల్స్ తర్వాత ఒక గిటారు యాంప్లిఫయరు ఉంది. దాని ముందు ఒక మైకు ఉంది. గిటారు యాంపులో ఉండే పది పన్నెండు అంగుళాల స్పీకరు మామూలు బాక్సు లాంటిది కాదు. ఐదు వేల హెర్ట్జ్ దాటాక ఉండే కీచుదనాన్ని అది దాదాపుగా పలకదు. డిస్టార్షన్ పుట్టించే ముళ్లన్నీ అక్కడే రాలిపోతాయి. మనం వినే మెత్తని బలమైన శబ్దం అలా వడగట్టబడి వస్తుంది.

మన సంఘాల్లో గిటారు యాంపు ఎక్కడుంది? గిటారు వైరు నేరుగా మిక్సరులోకి పోతుంది. మిక్సరు నుంచి పాటకూ, వాక్యానికీ, ప్రకటనలకూ వాడే అవే బాక్సుల్లోకి పోతుంది. బహిరంగ కూటమైతే హారన్లలోకి పోతుంది. ఆ బాక్సుల్లో పైన ఉండే చిన్న ట్వీటరు కీచుదనాన్నంతా దాచకుండా పలుకుతుంది. ఎంత ఖరీదైన డిస్టార్షన్ పెడల్ అయినా సరే, తీసుకొచ్చి అలా నేరుగా పెట్టి నొక్కి చూడండి. రేకు డబ్బాలో కందిరీగలు పడ్డట్టు ఉంటుంది. ముందు వరసలో కూర్చున్న అవ్వలు చెవులు మూసుకుంటారు. తప్పు పెడల్‌ది కాదు, వాయించినవాడిది కాదు. సగం యంత్రాన్ని కొని పూర్తి శబ్దం రావాలంటే ఎలా వస్తుంది?

మల్టీ యూనిట్‌లో ఆ రెండో సగం కూడా ఉంటుంది. గిటారు యాంపు ఎలా పలుకుతుందో, దాని స్పీకరు పెట్టె ఎలా వడగడుతుందో లెక్క కట్టి చూపించే ఏర్పాటు లోపలే ఉంటుంది. దాన్నే క్యాబినెట్ సిమ్యులేషన్ అంటారు. 1998లో లైన్ 6 కంపెనీ పాడ్ అనే చిన్న ఎర్ర పెట్టెను తెచ్చినప్పటి నుంచి ఈ పద్ధతి ఇళ్లలోకి, చిన్న స్టూడియోల్లోకి వచ్చింది. ఈరోజు తక్కువ ధర యూనిట్లలో కూడా ఇది ఉంది. యాంపు లేని చోట గిటారును నేరుగా మిక్సరులో పెట్టి వినదగినట్టు చేసేది ఇదే. పెడల్స్ వాళ్లు ఇదే పని కోసం మళ్లీ ఇంకొక డబ్బా కొనాలి. అంటే మన చోట పెట్టె గెలవడానికి కారణం ధర ఒక్కటే కాదు. మన గదిలో, మన బాక్సుల్లో వినబడే శబ్దంలోనే అది గెలుస్తుంది. ఇది మా వాదానికి మొదటి రాయి. మిగతావన్నీ దీని మీద పేర్చుకోండి.

రెండో రాయి వైర్లు. ఐదు పెడల్స్ పెట్టుకుంటే గిటారు నుంచి మిక్సరు దాకా ఆరు వైర్లు కావాలి. ఆరు వైర్లకు పన్నెండు పిన్నులు. ఐదు డబ్బాలకు కరెంటు పిన్నులు ఐదు. మొత్తం పదిహేడు చోట్ల ఏదో ఒకటి వదులు కావచ్చు. మల్టీ యూనిట్‌కు లోపలికి ఒక వైరు, బయటికి ఒక వైరు, కరెంటు పిన్ను ఒకటి. మొత్తం ఐదు చోట్లు. పదిహేడు ఎక్కడ, ఐదు ఎక్కడ? ఇది స్టూడియోలో కదలకుండా ఉండే బోర్డు కాదు. మోటారు సైకిలు మీద ముందు కాళ్ల దగ్గర పెట్టుకుని, గుంతల దారిలో, ఒక ఊరి ప్రార్థన కూటం నుంచి ఇంకో ఊరి కూటానికి పోయేది. మన ఎండాకాలపు గాలి సంగతి మీకు చెప్పాలా? ఏడాదికి ఐదు వందల యాభై మిల్లీమీటర్ల వాన సరిగా పడితే గొప్ప అనుకునే జిల్లా మనది. భైరవానితిప్ప చెరువు అడుగు కనబడే ఏడు, వేదవతి ఇసుక కూడా గాలిలోనే ఉంటుంది. ఆ దుమ్ము ప్రతి పిన్నులోకీ, ప్రతి స్విచ్చులోకీ దూరుతుంది. చోట్లు ఎన్ని ఎక్కువైతే కరకర అంత ఎక్కువ.

ఇక్కడ వాళ్ల గట్టి వాదాన్ని వాళ్ల కంటే బాగా మేమే చెబుతాము. "పెట్టె చెడిపోతే అన్నీ ఒకేసారి పోతాయి. పెడల్ చెడిపోతే అదొక్కటే పోతుంది" అంటారు. వినడానికి న్యాయంగా ఉంది. కానీ ఆ డబ్బాలన్నీ ఒకదాని వెనుక ఒకటి వరసలో ఉంటాయి. పాత క్రిస్మస్ సీరియల్ లైట్లు గుర్తు చేసుకోండి. ఒక్క బల్బు పోతే దండంతా ఆరిపోయేది. పెడల్స్ వరసలో ఒక్క వైరు తెగినా అంతే, మిక్సరుకు చేరేది నిశ్శబ్దం. పైగా ఏది తెగిందో వెతకడానికి పాట మధ్యలో మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆ మోకరింపు ప్రార్థన కోసం కాదు. పెట్టె చెడిపోతే ఏం చేయాలో చిన్న పిల్లవాడికీ తెలుసు. వైరు తీసి నేరుగా మిక్సరులో పెట్టి, బోడి శబ్దంతోనే పాట పూర్తి చేయాలి.

మూడో రాయి కరెంటు. గాలిమరలు మన జిల్లా గుట్టల మీదే తిరుగుతున్నా, మన ఊళ్లలో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, ఓల్టేజీ ఊగుతూ ఉంటుంది. ఒకే చవక అడాప్టరు నుంచి గొలుసు వైరుతో ఐదు పెడల్స్‌కు కరెంటు ఇస్తే, ముఖ్యంగా వాటిలో డిజిటల్ డిలే ఉంటే, గుంయ్ మనే మోత, కీచు మోత తప్పదు. దాన్ని ఆపడానికి ప్రతి పెడల్‌కూ విడి లైను ఇచ్చే పవర్ సప్లయి కొనాలి. దాని ధర ఒక పెడల్ ధరకు తగ్గదు. కాగా, కరెంటు కన్ను కొడితే డిజిటల్ పెట్టె ఆగి మళ్లీ మొదలు కావడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది. పెడల్ అయితే వెంటనే పలుకుతుంది. ఇది వాళ్ల పక్షాన ఉన్న నిజం. అయితే బాస్ కంపెనీ జీటీ-1, జూమ్ కంపెనీ జీ1 ఫోర్ లాంటి చిన్న యూనిట్లు నాలుగు పెన్సిల్ సెల్స్‌తో గంటల తరబడి నడుస్తాయి. ఆరాధన మొత్తం సెల్స్ మీద నడపండి. మీ పెట్టెకు కరెంటు పోయిందని తెలియనే తెలియదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ఏది కొన్నా కొనకపోయినా ఒక్క సంగతి మరచిపోవద్దు. మందిరంలో ఎర్తు సరిగా లేకపోతే, గిటారు తీగ మీద చెయ్యి ఉండగా మైకుకు పెదవి తగిలితే షాకు కొడుతుంది. ఇది ప్రాణం తీయగల సంగతి. సంఘ పెద్దలారా, గిటారు సామానుకు మొదటి రూపాయి ఖర్చు పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు చూపించండి.

నాలుగోది డబ్బు. పేరున్న కంపెనీ ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒక్కటి ఐదారు వేలకు తక్కువ దొరకడం కష్టం. మంచి డిలే, మంచి రివర్బ్ ఒక్కొక్కటి పదివేలు దాటుతాయి. వాటికి వైర్లు, పవర్ సప్లయి, బోర్డు, సంచి కలపండి. లెక్క నలభై వేలు దాటుతుంది, ఇంకా యాంపు రాలేదు. చిన్న మల్టీ యూనిట్ కొత్తదైతే సుమారు పదివేలకూ ఇరవై వేలకూ మధ్యలో వస్తుంది, వాడినదైతే ఇంకా తక్కువ. "ఒక్కొక్కటిగా కొనుక్కుంటే భారం తెలియదు" అనేవారున్నారు. భారం తెలియకపోవడమే అక్కడి చిక్కు. ఒక్కొక్కటిగా కొనేవాడికి ఆఖరిది అంటూ ఉండదు. ఎప్పుడూ ఇంకొక్కటి తక్కువగానే ఉంటుంది. కానుకల పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూశాడు. మన సంఘంలో పది రూపాయల నోటును నాలుగు మడతలు పెట్టి వేసే అవ్వలను కూడా చూస్తాడు. ఆ నోట్లతో కొనే వస్తువుకు మనం లెక్క చెప్పాలి.

ఐదోది, మా మనసుకు అన్నిటికంటే దగ్గరది. మన ఊళ్ల యవ్వనస్థులు ఇక్కడ ఉండిపోరు. వాన రాని ఏడు బెంగళూరుకో, బళ్లారికో పనికి పోతారు. చదువుకున్నవారు చదువు కోసం పోతారు. పెడల్స్ బోర్డు ఒకరి సొంత కష్టార్జితం. ఆ తమ్ముడు బస్సు ఎక్కిన రోజు బోర్డు కూడా బస్సు ఎక్కుతుంది. అది అతనిది, మనం అడగలేము. వెనుక మిగిలేది ఖాళీ పిన్ను. సంఘం కొన్న ఒక్క పెట్టె అయితే అలమారలో ఉంటుంది. పోయినవాడు తయారుచేసి దాచిన నాలుగు శబ్దాలు అందులోనే ఉంటాయి. తొమ్మిదో తరగతి చదివే చెల్లెలు వచ్చి ఒకటో నంబరు నొక్కి, మూడు స్వరస్థానాలతో పాట మొదలు పెట్టగలదు. పది బటన్లను ఏ గీత దగ్గర నిలపాలో ఎవరూ చెప్పనవసరం లేదు. వలస పోయే ప్రాంతంలో పాట నిలవాలంటే, ఆ శబ్దం మనిషి వెంట పోకుండా సంఘంలో ఉండిపోవాలి.

ఇప్పుడు "అసలైన టోన్" అన్న మాటను తూకం వేద్దాము. ఎక్కడ పుట్టిందయ్యా ఈ అసలైన శబ్దం? 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తున్నారు. మిక్సింగ్ బోర్డులో ఒక భాగం చెడిపోయి బేస్ గిటారు శబ్దం బొంగురుపోయింది. పారేయకుండా దాన్నే ఉంచుకున్నారు. ఆ చెడిపోయిన శబ్దాన్ని కావాలని పుట్టించడానికి 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్ వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం పాటతో అది లోకమంతా పాకింది. అంటే ఈరోజు కొందరు పూజించే స్వచ్ఛత, ఒక యంత్రం పాడైతే పుట్టింది. మంచిదే, పాడైనదానిలోంచి కూడా మంచి రావచ్చు. కానీ దాన్ని పట్టుకుని మరొకరి శబ్దాన్ని నకిలీ అనడానికి ఏం అధికారం ఉంది?

ఇంకొకటి. మన కొత్త ఆరాధన పాటల్లో గిటారు చినుకుల్లా రాలుతూ తిరిగి తిరిగి వస్తుంది కదా. ఆ పద్ధతిని లోకానికి బాగా వినిపించినవాడు యూటూ బృందంలోని ఎడ్జ్. ఆ బృందం పేరుపొందిన ఆల్బం 1987లో వచ్చింది. ఆయన ప్రతిధ్వనికి వాడిన యంత్రాల్లో ముఖ్యమైనది కోర్గ్ ఎస్‌డీడీ-3000, అది డిజిటల్ యంత్రం. ఈరోజు దుకాణంలో దొరికే డిలే, రివర్బ్ పెడల్స్‌లో చాలా వాటి లోపల ఉన్నది కూడా లెక్క కట్టే చిప్పే. విడి డబ్బాలో పెడితే ఆత్మ ఉన్న చిప్పు, పెట్టెలో పెడితే ఆత్మ లేని చిప్పు అవుతుందా?

ఈ రకం గొడవ మన దేశానికి కొత్త కాదు. హార్మోనియం సంగతి తలచుకోండి. 19వ శతాబ్దపు ఫ్రాన్సులో పుట్టి, కలకత్తాలో చేత్తో గాలి కొట్టే పెట్టెగా మారి, మన పల్లె భజనల్లోకీ, కీర్తనల్లోకీ వచ్చింది. అది మన సంగీతానికి పనికిరాదు, మెట్ల మధ్య గమకం పలకదు అని పండితులు అన్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ పల్లెల్లో ఏమైంది? హార్మోనియం మోగుతూనే ఉంది. ఎందుకంటే అది నేల మీద పెట్టుకోవచ్చు, బండి మీద తీసుకుపోవచ్చు, ఎండకూ చలికీ శ్రుతి తొందరగా జారదు, ఒక్కరు వాయిస్తే వందమంది గొంతు కలపగలరు. పురుషోత్తమ చౌదరి లాంటి భక్తులు 19వ శతాబ్దంలో రాగతాళాలతో కట్టిన క్రైస్తవ కీర్తనలు ఈరోజు మన అవ్వల నోట బతికి ఉన్నాయంటే, ఆ ఒక్క పెట్టె చేసిన పరిచర్య తక్కువ కాదు. రేడియో స్టేషనులో నిలిచే వాదం వేరు, రచ్చబండ దగ్గర నిలిచే వాయిద్యం వేరు. మన అలమారలోని మల్టీ యూనిట్ ఆ హార్మోనియంకు తమ్ముడు.

"అయినా రోటి పచ్చడి రుచి మిక్సీకి వస్తుందా అయ్యగారూ?" అని ఒకరు అడగవచ్చు. రాదు. ఒప్పుకుంటాము. మంచి ట్యూబ్ యాంపు ముందు, మంచి పెడల్ పెట్టుకుని, నిశ్శబ్దమైన గదిలో వాయిస్తే వచ్చే సుఖం వేరు. కానీ క్రిస్మస్ ప్రేమవిందుకు మూడు వందల మందికి పచ్చడి ఎవరూ రోట్లో రుబ్బరు. వచ్చినవారికి అన్నం అందాలి. స్టూడియోలో పనిచేసి పొట్టపోసుకునేవారు, సొంత యాంపు ఉన్నవారు పెడల్స్ కొనుక్కోండి, మాకు అభ్యంతరం లేదు. బాస్ డీఎస్-1 అనే నారింజ రంగు పెడల్ 1978 నుంచి ఈనాటికీ అమ్ముడుపోతూనే ఉంది, రేడియో మెకానిక్కు కూడా లోపల ఏముందో అర్థమవుతుంది. పెట్టె అలా కాదు, కొన్నేళ్లకు పాతబడుతుంది, తెర పోతే బాగుచేసేవారు దగ్గరలో దొరకరు. ఇవన్నీ నిజాలే. అయితే పాతబడినంత మాత్రాన పెట్టె మూగబోదు. కొత్త నమూనా వచ్చిందని మన పాట పాతది అయిపోదు కదా.

సౌలు తన కవచాన్ని దావీదుకు తొడిగిన సంగతి మీకు తెలుసు. అది మంచి కవచమే, రాజుగారిది. కానీ దావీదు దానితో నడవలేకపోయాడు. తన చేతికి అలవాటైన వడిసెలతో పోయాడు. అలా పోయినందుకు అతడు సిగ్గుపడలేదు. పట్టణపు వేదిక కవచం పట్టణపు వేదికకు సరిపోతుంది. మన పిల్లల భుజాల మీద దాన్ని వేసి, నడవలేకపోతున్నారని నవ్వేవారిని మేము గద్దిస్తున్నాము.

ఇంతవరకు చదివి, పెట్టె ఉన్న తమ్ముళ్లు చప్పట్లు కొడుతున్నారేమో. ఆగండి, మీ వంతు కూడా ఉంది. పెట్టెలో రెండు వందల శబ్దాలు ఉన్నాయని రెండు వందలూ ఆదివారమే వినిపించనవసరం లేదు. కంపెనీ వాళ్లు అందులో నింపి పంపే శబ్దాలు దుకాణంలో అమ్ముడుపోవడానికి చేసినవి. ప్రతిదానిలో ప్రతిధ్వని ముంచెత్తుతుంది. రేకుల కప్పు కింద అసలే శబ్దం తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఇంకో రివర్బ్ పోస్తే అక్షరాలు కరిగిపోతాయి. తెలుగు కీర్తనలో మాట వినబడకపోతే ఏం మిగిలింది? పుస్తకం చదవలేని పెద్దలు చెవితోనే పాట నేర్చుకుంటారు. బూర స్పష్టంగా మోగకపోతే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారని పౌలు కొరింథీయులను అడిగిన ప్రశ్న, పెడల్ ఉన్నవాడికీ పెట్టె ఉన్నవాడికీ ఒక్కటే. పాట మొత్తం తల వంచి తెర వంక చూస్తూ, మెనూలో ఏదో వెతుకుతూ ఉంటే, సంఘం ఎప్పుడు రెండో చరణం ఎత్తుకుందో మీకు తెలియదు.

కాబట్టి మా సంఘంలో పెట్టె ఉంటే నాలుగు శబ్దాలు చాలు. ఒకటి, శుభ్రమైన శబ్దం, కీర్తనలకు. రెండు, అదే శుభ్రమైన శబ్దానికి కొంచెం డిలే, నెమ్మది పాటలకు. మూడు, తేలికైన ఓవర్‌డ్రైవ్, పండుగ పాటలకు. నాలుగు, నెమ్మదిగా ఉబ్బి వచ్చే మెత్తని శబ్దం, ప్రార్థన వేళకు. వీటితో పాటు ట్యూనర్. అందరికంటే ముందు వాడవలసింది దాన్నే, శ్రుతి లేని గిటారుకు ఏ యంత్రమూ మందు కాదు. ఈ నాలుగింటినీ ఇంట్లో హెడ్‌ఫోన్‌లో తయారుచేసి తెచ్చి సరే అనుకోవద్దు. శనివారం సాయంత్రం మందిరంలో, అవే బాక్సుల్లో, ఆదివారం ఉండేంత గట్టిగా పెట్టి సరిచూడండి. నాలుగూ ఒకే ఎత్తులో వినబడాలి. క్యాబినెట్ సిమ్యులేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. రివర్బ్‌ను మీకు బాగుందనిపించిన చోటి నుంచి సగానికి తగ్గించండి. తర్వాత ఒక పెద్దావిడను వెనుక బెంచీ మీద కూర్చోబెట్టి, పాటలో మాటలు అర్థమవుతున్నాయా అని అడగండి. ఆమె అవునంటే మీ టోన్ అసలైనదే. ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కరలేదు.

కొత్తగా కొనబోయేవారికి ఒక సలహా. మెనూలు తిప్పడం కష్టమనిపిస్తే, బాస్ ఎంఈ వరసలోని యూనిట్ల లాగా పైనే గుండ్రటి బటన్లు ఉన్నవి చూడండి. చేత్తో తిప్పితే శబ్దం మారుతుంది, పెడల్ సుఖం కొంత అక్కడే దొరుకుతుంది. బళ్లారి, అనంతపురం, బెంగళూరు ఎక్కడ కొన్నా మీ గిటారు వెంట తీసుకుపోండి. గిటారు యాంపులో వినిపిస్తామంటే వద్దనండి. మామూలు బాక్సులో పెట్టి వినిపించమనండి, మన ఇల్లు అదే కదా. ఇప్పటికే ఒకటి రెండు పెడల్స్ ఉన్నవారు వాటిని అమ్మనవసరం లేదు, పెట్టె ముందు తగిలించుకోండి. లేనివారు లేదని కుమిలిపోవద్దు.

సంఘ పెద్దలకు చివరి మాట. యవ్వనస్థులు ఈ సంగతి మీ ముందుకు తెస్తే "గిటారెందుకు, డబ్బు దండగ" అని కొట్టివేయవద్దు. పిల్లవాడు ఒంటరిగా వాయిదాల మీద అప్పు చేసేకంటే, సంఘం కూర్చుని ఆలోచించి ఒక్క పెట్టె కొని, దాని పేరు సంఘం లెక్కల పుస్తకంలో రాసి, నేర్చుకునే ప్రతి బిడ్డకూ తాళం అందుబాటులో ఉంచడం మేలు. యవ్వనస్థులారా, మీరు కూడా ఆ పెట్టెను బల్ల మీద పెట్టేటప్పుడు తల దించుకోవద్దు. కరువు నేల మీద ఎవరి పాట వారు నిలబెట్టుకోవాలి. దానికి కావలసినంత శబ్దం ఆ పెట్టెలో ఉంది. మిగిలినది మీ వేళ్లలోనూ మన గొంతుల్లోనూ ఉంది.

ఈ శనివారం సాయంత్రం ఆరు గంటలకు మందిరం తెరిచి ఉంటుంది. గిటారు ఉన్నవారు గిటారుతో, లేనివారు చెవులతో రండి. ఆ నాలుగు శబ్దాలు కలిసి సరిచేసుకుందాము. ప్రభువు మిమ్మును, మీ చేతుల పనిని దీవించును గాక.